సర్పంచ్ నుంచి ఎంపీ దాకా: వచ్చే జీతం ఎంత, గెలవడానికయ్యే ఖర్చు ఎంత?

ఓరుగల్లు పాఠకుడు (హన్మకొండ)

మొన్న హన్మకొండ చౌరస్తా దగ్గర టీ తాగుతుంటే పక్క బల్ల మీద ఇద్దరు పెద్దమనుషులు ఎమ్మెల్యేల జీతాల గురించి గట్టిగానే వాదించుకున్నారు. ఒకాయన "నెలకు రెండున్నర లక్షలు తీసుకునేటోళ్లు అసెంబ్లీల ఎన్ని దినాలు కూసుంటున్నరు?" అని నిలదీశాడు. రెండో ఆయన "ఆ పైసలు పెండ్లిళ్లల్ల కట్నాలు చదివిచ్చుటానికే సాలయి" అని కొట్టిపారేశాడు. ఇద్దరి మాటల్లోనూ కొంత నిజం ఉందనిపించి, ఇంటికి వచ్చాక కాగితం ముందేసుకొని కూర్చున్నాను.

తెలంగాణ శాసనసభ్యునికి 2016 మార్చిలో చేసిన సవరణ ప్రకారం వేతనం 20,000 రూపాయలు, నియోజకవర్గ భత్యం 2,30,000 రూపాయలు, వెరసి నెలకు రెండున్నర లక్షలు. అసెంబ్లీ అభ్యర్థి ఎన్నికల్లో పెట్టదగిన ఖర్చు 2022 జనవరి నుంచి మన రాష్ట్రంలో 40 లక్షలు. అంటే పదహారు నెలల రాబడి. ఎంపీ వేతనం 2023 ఏప్రిల్ 1 నుంచి వర్తించేలా 1,24,000 రూపాయలు అయింది. లోక్‌సభ అభ్యర్థి ఖర్చు పరిమితి 95 లక్షలు. అరవై నెలల వేతనం మొత్తం కూడినా 74 లక్షల 40 వేలు దాటదు కనుక, ఐదేళ్ల వేతనం పైసా ముట్టకుండా దాచుకున్నా చట్టం అనుమతించిన ఖర్చుకే ఇంకా 20 లక్షల 60 వేలు తక్కువ పడుతుంది.

సర్పంచ్ లెక్క ఇంకా విచిత్రంగా ఉంది. 2021లో ముప్పై శాతం పెంచిన తరువాత గౌరవ వేతనం 6,500 రూపాయలు. ఐదు వేల లోపు జనాభా ఉన్న ఊరిలో ఖర్చు పరిమితి లక్షన్నర, అంతకు మించిన ఊరిలో రెండున్నర లక్షలు. చిన్న ఊరి సర్పంచ్ ఇరవై మూడు నెలలకు పైగా, పెద్ద ఊరి సర్పంచ్ ముప్పై ఎనిమిది నెలలకు పైగా పనిచేస్తే తప్ప ఆ సొమ్ము తిరిగి రాదు.

ఇవన్నీ కాగితం మీది పరిమితులు. కాగితం మీదికి ఎక్కని ఖర్చు గురించి నేను ఇంకా మాట్లాడనే లేదు. జీతం పెంచితే, లేదా తగ్గిస్తే, ఈ వ్యవహారంలో ఏమైనా మారుతుందా అన్నది నా ప్రశ్న.

కాకతీయ కాలువ (జమ్మికుంట)

పాఠకుడు గారూ, మీరు ఎంపీ వేతనం ఒక్కటే చూపి జాలి పుట్టించారు. నియోజకవర్గ భత్యం 87,000, కార్యాలయ భత్యం 75,000, సభ నడిచిన రోజుల్లో రోజుకు 2,500, ఢిల్లీలో నివాసం, రైలు, విమాన ప్రయాణాలు, ఇవన్నీ ఎందుకు వదిలేశారు? ఆ తరువాత పెన్షన్ సంగతి ఉంది. మాజీ ఎంపీకి నెలకు 31,000 రూపాయలు, ఐదేళ్లకు మించి పనిచేసిన ప్రతి ఏడాదికి అదనంగా 2,500 రూపాయలు వస్తాయి. దీని మీద వేసిన కేసును 2018లో సుప్రీంకోర్టు కొట్టివేసింది. పంజాబ్ మాత్రం 2022లో చట్టం చేసి, ఎన్నిసార్లు గెలిచినా ఎమ్మెల్యేకు ఒకే పెన్షన్ అని తేల్చింది.

నేను పత్తి పండించే రైతును. నా ఆదాయం ఎంత ఉండాలో నేనే తీర్మానం చేసుకునే వీలు నాకు లేదు, వారికి ఉంది. రాజ్యాంగంలోని 106వ అధికరణం ఎంపీలకు, 195వ అధికరణం ఎమ్మెల్యేలకు ఆ అధికారం ఇచ్చాయి. మిగతా బిల్లుల మీద గంటల తరబడి అరుచుకునే పక్షాలు ఈ ఒక్క విషయంలో ఒకరి మీద ఒకరు గొంతు పెంచరు. నా అభ్యంతరం మొత్తం సొమ్ము మీద కాదు, ఆ పద్ధతి మీద.

లెక్కల గుమాస్తా (వరంగల్)

కాలువ గారి అభ్యంతరంలో సగం సబబు. అయితే కార్యాలయ భత్యాన్ని జీతంలో కలపడం సరికాదు. అందులో ఎక్కువ భాగం సహాయకుని జీతానికే ఉద్దేశించింది.

నేను రెండు ఎన్నికల్లో వ్యయ పరిశీలన విధుల్లో పనిచేశాను. ఆ అనుభవంతో ఖర్చు పరిమితి గురించి రెండు సంగతులు చెబుతాను. మొదటిది, చట్టం ఖర్చును ఎప్పటి నుంచి లెక్కిస్తుందన్నది. ప్రజాప్రాతినిధ్య చట్టం 77వ సెక్షన్ ప్రకారం నామినేషన్ నాటి నుంచి ఫలితం ప్రకటించిన నాటి వరకు పెట్టిన ఖర్చే లెక్కలోకి వస్తుంది. అంతకు ఏడాది ముందు నుంచి ఊరూరా కట్టించిన గుళ్లు, కుల సంఘాలకు ఇచ్చిన వంట పాత్రలు, యువజన సంఘాలకు ఇచ్చిన క్రికెట్ కిట్లు, బతుకమ్మకు పంచిన చీరలు, పుట్టినరోజు ఫ్లెక్సీలు, ఇవేవీ ఆ పుస్తకంలో కనిపించవు. టికెట్ కోసం తిరిగిన తిరుగుళ్ల ఖర్చు అసలే కనిపించదు. అసలు ఖర్చు అయిపోయిన తరువాత మేము మీటరు తిప్పడం మొదలుపెడతామన్నమాట.

రెండవది మీటరు తిరిగే తీరు. జిల్లా ఎన్నికల అధికారి పార్టీలతో సమావేశం పెట్టి రేట్ల పట్టిక ఖరారు చేస్తారు. టీకి ఇంత, టిఫిన్‌కు ఇంత, కుర్చీ అద్దె ఇంత, కండువాకు ఇంత, డప్పు కళాకారుల బృందానికి ఇంత అని అందులో ఉంటుంది. అభ్యర్థి నామినేషన్‌కు కనీసం ఒక రోజు ముందు విడిగా బ్యాంకు ఖాతా తెరవాలి. ఎన్నికలు ముగిసేలోపు ఒకే వ్యక్తికి మొత్తం పది వేలకు మించి నగదు రూపంలో చెల్లించరాదు. సభ జరిగితే మా వీడియో బృందం వెళ్లి కుర్చీలు, వాహనాలు, జెండాలు లెక్కపెట్టి వస్తుంది. ఆ లెక్కను మేము షాడో రిజిస్టర్‌లో రాసి, అభ్యర్థి చూపిన పుస్తకంతో పోల్చి చూస్తాము. వెయ్యి కుర్చీలు వేసిన సభకు నాలుగు వందలే చూపితే నోటీసు ఇస్తాము, వారు సరిదిద్దుకుంటారు. ఒకసారి ఒక ఏజెంటు వచ్చి, మేము రాసుకున్న బిర్యానీ పొట్లాల సంఖ్య తప్పని, అవి పులిహోర పొట్లాలని అరగంట వాదించాడు. చివరికి వీడియో మళ్లీ వేసి చూడవలసి వచ్చింది.

ఇంత పకడ్బందీగా మేము లెక్కపెట్టేది పట్టపగలు, మైకు పెట్టి చేసే ఖర్చునే. పోలింగ్‌కు ముందు రెండు రాత్రుల్లో చేతులు మారే సొమ్ముకు ఏ పట్టికలోనూ రేటు ఉండదు. అది పట్టుబడితే కేసు అవుతుంది, లేకపోతే లేదు. 2023 శాసనసభ ఎన్నికల్లో పోలింగ్‌కు పది రోజుల ముందు నాటికే మన రాష్ట్రంలో స్వాధీనం చేసుకున్న నగదు, మద్యం, బంగారం, ఇతర వస్తువుల విలువ 659 కోట్లని ఎన్నికల సంఘం ప్రకటించింది. అందులో ఆధారాలు చూపలేకపోయిన మామూలు వ్యాపారుల సొమ్మూ ఉంటుంది. యాభై వేలు దాటిన నగదుకు కాగితం లేకపోతే పత్తి అమ్ముకున్న రైతు కూడా చిక్కుల్లో పడతాడు. ఆ సంఖ్య మొత్తాన్ని పంపకాల లెక్కగా తీసుకోవద్దని నా మనవి.

భద్రకాళి గట్టు

నాకు డెబ్బై నాలుగేళ్లు. హనుమకొండ లోక్‌సభ స్థానంలో 1984లో పి.వి. నరసింహారావు గారిని చందుపట్ల జంగారెడ్డి గారు ఓడించిన ఎన్నికలో నేను పోలింగ్ ఏజెంటుగా కూర్చున్నాను. దేశం మొత్తం మీద భాజపా గెలిచిన రెండు స్థానాల్లో అది ఒకటి. ఆ రోజుల్లో ప్రచారమంటే సున్నం, నీలిమందు కలిపి గోడల మీద రాయడం, అద్దె జీపుకు మైకు కట్టుకొని తిరగడం, రాత్రికి ఎవరి ఇంట్లో జొన్నరొట్టె పెడితే అక్కడ తినడం. నర్సంపేట నుంచి ఐదుసార్లు గెలిచిన మద్దికాయల ఓంకార్ గారు, ఇల్లందు నుంచి ఐదుసార్లు గెలిచిన గుమ్మడి నర్సయ్య గారు ఎలా బతికారో ఈ ప్రాంతంలో చాలామందికి తెలుసు. నర్సయ్య గారిని సైకిల్ మీద, బస్సులో చూసినవారు ఇప్పటికీ ఉన్నారు. కమ్యూనిస్టు పార్టీల్లో ప్రతినిధి జీతం పార్టీకి చేరడం, పార్టీ ఇచ్చిన దానితో అతడు బతకడం ఆనవాయితీగా ఉండేది. జీతం ఎంతన్న ప్రశ్నకు అదొక జవాబు.

అయితే పాత కాలమంతా పాలమీగడ అని నేను చెప్పను. సారా అప్పుడూ పారింది. దొర గడి నుంచి కబురు వస్తే ఊరికి ఊరు ఒకే గుర్తుకు గుద్దిన రోజులూ ఉన్నాయి. ఆనాడు ఓటరుకు డబ్బు ఇవ్వకపోవడానికి కారణం నీతి ఒక్కటే కాదు, ఇవ్వవలసిన అవసరం లేకపోవడం కూడా. ఓటరు భయం తగ్గిన కొద్దీ ఓటు ధర పెరిగిందని ఒక్కోసారి అనిపిస్తుంది. ఈ మాట తప్పని ఎవరైనా రుజువు చేస్తే సంతోషిస్తాను.

ఊరి మాజీ సర్పంచ్ (మహబూబాబాద్ జిల్లా)

గట్టు సార్ చివరి మాట చదివాక రాయకుండా ఉండలేకపోయాను. నేను 2019 జనవరిలో మహిళా రిజర్వేషన్ వచ్చిన మా ఊరికి సర్పంచ్‌గా గెలిచాను. మాది రెండు వేల ఓట్ల ఊరు.

మొదట ఏకగ్రీవం మాట వచ్చింది. ఊరి పెద్దలు గుడి దగ్గర కూర్చొని, బొడ్రాయి పండుగకూ గుడి ప్రహరీకీ ఎవరు ఎక్కువ ఇస్తే వారినే నిలబెడదామన్నారు. మా ఆయన పది లక్షల దాకా వచ్చి ఆగిపోయాడు, అవతలివారు పన్నెండు అన్నారు, మూడో కుటుంబం ఒప్పుకోకపోవడంతో ఆ బేరం చెడిపోయి ఎన్నిక జరిగింది. పంచాయతీ ఎన్నిక పార్టీ గుర్తు లేనిది కనుక పార్టీ సొమ్ము రాదు, ప్రతి రూపాయీ ఇంటి నుంచే పోతుంది. చెప్పడానికి సిగ్గుగానే ఉంది, అయినా దాచను. అధికారులకు ఇచ్చిన లెక్కలో నేను చూపినది లక్షా ఇరవై వేలు. మా ఇంట్లో కుదువ పెట్టిన బంగారం, ఎకరం మీద తెచ్చిన అప్పు ఆ కాగితంలో లేవు. ప్రతి వాడలో దావత్, ప్రతి సంఘానికి ఎంతో కొంత, చివరి రాత్రి అవతలివారు ఇచ్చిన దానికి మించి మేము. మేము ఇవ్వకపోతే ఓడిపోయేవాళ్లమా అని ఇప్పటికీ ఆలోచిస్తుంటాను. మా మీద పోటీ చేసి ఓడినావిడ కూడా అంతే ఖర్చు పెట్టింది కదా.

గెలిచిన తరువాత వచ్చిన గౌరవ వేతనం మొదట ఐదు వేలు, తరువాత 6,500. మా పంచాయతీలో చెత్త ట్రాక్టరు వెంట తిరిగే కార్మికుని జీతం నా కంటే ఎక్కువ. అతని పనికి అది కూడా తక్కువేనని నేనే మొదట ఒప్పుకుంటాను. ఆ 6,500 కూడా నెల నెలా రాలేదు. పల్లె ప్రకృతి వనం, వైకుంఠధామం, డంపింగ్ యార్డు పనులకు గడువు పెట్టి, చేయకపోతే సస్పెన్షన్ అని భయపెట్టడంతో సొంత పూచీ మీద సిమెంటు, ఇటుక తెచ్చి కట్టించాము. బిల్లులు నెలల తరబడి నిలిచిపోయాయి. 2024 ఫిబ్రవరితో మా పదవీకాలం ముగిసి ప్రత్యేక అధికారులు వచ్చినా, ఆ అప్పుల వడ్డీ మాత్రం ముగియలేదు.

ఎన్నికకు అప్పు చేసింది మా తప్పు. కానీ ఈ వేతనంతో, ఈ బిల్లులతో, ఖర్చు చేయకుండా గెలిచిన మనిషి కూడా ఐదేళ్లు నిజాయితీగా ఉండాలంటే ఇంట్లో వేరే సంపాదన ఉండాలి. కూలీ చేసే ఆడమనిషికి రిజర్వేషన్ వస్తుంది గానీ, నిలబడే స్తోమత ఎక్కడి నుంచి వస్తుంది?

కాకతీయ కాలువ (జమ్మికుంట)

అక్కా, మీరు దాచకుండా రాసినందుకు నమస్కారం. సర్పంచ్ వేతనం పెంచాలన్న మాటతో నాకు పేచీ లేదు, నేను మాట్లాడింది పైనున్నవారి గురించి.

మా హుజూరాబాద్‌లో 2021 అక్టోబరు ఉప ఎన్నికను నేను కళ్లారా చూశాను. అప్పటి ఖర్చు పరిమితి 30 లక్షల 80 వేలు. రెండు లక్షల ముప్పై వేలకు పైగా ఓటర్లున్న చోట అది ఒక్కో ఓటరుకు పదమూడు రూపాయలు. అదే ఎన్నికలో కొన్ని ఊళ్లలో ఆడవాళ్లు రోడ్డు మీద బైఠాయించి "పక్క వాడకు కవర్లు ఇచ్చి మాకెందుకు ఇయ్యలే" అని అడగడం టీవీల్లో రాష్ట్రమంతా చూసింది. చట్టం చూపే పదమూడు రూపాయలకూ, ఆ కవరులో ఉందని జనం చెప్పుకున్న వేలకూ మధ్య ఎంత దూరముందో మాకు తెలుసు. ఆ దూరాన్ని జీతంతో ఎవరూ పూడ్చలేరు. రెండున్నర లక్షలను ఐదు లక్షలు చేసినా, సున్నా చేసినా అంతే.

పసుపు కొమ్ము (ఆర్మూర్)

ఖర్చు గురించి మాట్లాడేటప్పుడు డిపాజిట్‌ను మరువకూడదు. 2019 లోక్‌సభ ఎన్నికల్లో పసుపు, ఎర్రజొన్నకు గిట్టుబాటు ధర కోసం మా నిజామాబాద్ స్థానంలో 178 మంది రైతులు నామినేషన్లు వేసి బరిలో నిలిచారు. మొత్తం అభ్యర్థులు 185 మంది. ఒక్కో పోలింగ్ కేంద్రంలో పన్నెండు బ్యాలెట్ యూనిట్లు వరుసగా పేర్చి పోలింగ్ జరిపారు. లోక్‌సభ డిపాజిట్ 25,000 రూపాయలు, ఎస్సీ, ఎస్టీలకు అందులో సగం. పోలైన చెల్లుబాటు ఓట్లలో ఆరో వంతు రాకపోతే అది తిరిగి రాదు. ఊళ్లలో చందాలు వేసుకొని కట్టిన ఆ సొమ్ము, పూర్తి రేటుతో లెక్కిస్తే 44 లక్షలకు పైమాట, ఖజానాకే పోయింది. మాకు ప్రచార ఖర్చు అంటూ దాదాపు ఏమీ లేదు, మా ఖర్చంతా ప్రవేశ రుసుమే.

ఆ రుసుము అంత ఉండటానికి కారణం కూడా మన తెలంగాణలోనే ఉంది. 1996లో నల్లగొండలో ఫ్లోరైడ్ సమస్య మీద 480 మంది పోటీకి దిగిన తరువాత, అప్పటిదాకా 500 రూపాయలున్న లోక్‌సభ డిపాజిట్‌ను పది వేలు చేశారు. తరువాత అది పాతిక వేలైంది. డబ్బున్నవాడికి పాతిక వేలు ఒక పూట పెట్రోలు ఖర్చు, పేదవాడికి ఏడాది కౌలు. అక్కరలేని అభ్యర్థులను అడ్డుకోవాలంటే డబ్బుకు బదులు ఓటర్ల సంతకాలు అడగవచ్చు కదా?

మేడారం దారి (ములుగు)

చిన్న సంగతి ఒకటి. ఒకే పరిమితి అన్ని చోట్లా ఒకేలా పనిచేయదు. వరంగల్ తూర్పు నియోజకవర్గం మొత్తం నగరంలోనే ఉంటుంది, ఆటోలో చుట్టి రావచ్చు. మా ములుగు నియోజకవర్గం గోదావరి ఒడ్డున మంగపేట నుంచి తాడ్వాయి అడవి మీదుగా, మహబూబాబాద్ జిల్లాలో ఉన్న కొత్తగూడ, గంగారం దాకా విస్తరించి ఉంది. కొన్ని గూడేలకు వెళ్లి రావడానికే ఒక రోజు పడుతుంది. ఇద్దరికీ నలభై లక్షలే. ఇక్కడ పెట్రోలుకు పోయేది అక్కడ ఫ్లెక్సీలకు మిగులుతుంది. గెలిచిన తరువాత కూడా అంతే, నియోజకవర్గ భత్యం ఇద్దరికీ సమానమే.

న్యాయశాస్త్ర విద్యార్థిని (కాకతీయ విశ్వవిద్యాలయం)

పెద్దల చర్చలో ఇంతవరకు ఎవరూ ఎత్తని విషయం పార్టీల ఖర్చు. అభ్యర్థికి పరిమితి ఉంది గానీ పార్టీకి లేదు, ఈ తేడా అనుకోకుండా వచ్చింది కాదు. కన్వర్‌లాల్ గుప్తా కేసులో 1974లో సుప్రీంకోర్టు, అభ్యర్థి కోసం పార్టీ చేసిన ఖర్చును కూడా అభ్యర్థి ఖాతాలోనే వేయాలని తీర్పు ఇచ్చింది. అదే ఏడాది 77వ సెక్షన్‌కు ఒక వివరణ జోడించి ఆ తీర్పును పక్కకు నెట్టారు. 2003 సవరణ ఆ వెసులుబాటును కొంత బిగించి, ముఖ్య ప్రచారకుల ప్రయాణ ఖర్చుకు మినహాయింపు మిగిల్చింది. గుర్తింపు పొందిన పార్టీకి నలభై మంది దాకా ముఖ్య ప్రచారకులు ఉండవచ్చు. వారి హెలికాప్టర్ ఖర్చు పార్టీది. అభ్యర్థి అదే వేదిక ఎక్కితే సభ ఖర్చులో వాటా అభ్యర్థి లెక్కలోకి వస్తుంది. గుమాస్తా గారు దీన్ని ప్రత్యక్షంగా చూసే ఉంటారు.

ఆ పార్టీ సొమ్ము ఎక్కడిదన్న దానికి జవాబు కొంత 2024లో దొరికింది. పేరు బయటపడకుండా పార్టీలకు విరాళాలిచ్చే ఎన్నికల బాండ్లు రాజ్యాంగ విరుద్ధమని ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు తేల్చిన తరువాత బయటపడిన వివరాల ప్రకారం, 2019 ఏప్రిల్ నుంచి భాజపాకు ఆరు వేల కోట్లకు పైగా, కాంగ్రెస్‌కు 1,400 కోట్లకు పైగా, మన రాష్ట్రంలో 2023 డిసెంబరు దాకా అధికారంలో ఉన్న బీఆర్ఎస్‌కు 1,200 కోట్లకు పైగా బాండ్ల ద్వారా అందాయి. పాఠకుడు గారి కాగితంలో ఉన్న 40 లక్షలను ఈ సంఖ్యల పక్కన పెట్టి చూడండి. బాండ్లు పోయాయి గానీ పార్టీ ఖర్చుకు పరిమితి మాత్రం ఇప్పటికీ రాలేదు.

ప్రభుత్వమే ఎన్నికల ఖర్చు భరించాలన్న ఆలోచన పాతదే. ఇంద్రజిత్ గుప్తా కమిటీ 1998లో దాన్ని సమర్థిస్తూనే, సాయం నగదుగా కాక వస్తు రూపంలో ఉండాలని చెప్పింది. ఓటర్ల జాబితా ఉచిత ప్రతులు, ఆకాశవాణి, దూరదర్శన్‌లలో ఉచిత సమయం ఆ దారిలోనివే. నాకైతే ఇందులో ఒక అనుమానం ఉంది. చట్టబద్ధమైన ఖర్చును ప్రభుత్వం భరిస్తే, అభ్యర్థి జేబులో మిగిలిన సొమ్ము చివరి రెండు రాత్రులకు మరింత ఉదారంగా ఖర్చు కాదా? లంచం ఇచ్చినవారితో పాటు తీసుకున్నవారు కూడా భారతీయ న్యాయ సంహిత 170వ సెక్షన్ కింద నేరస్థులే. కానీ తీసుకున్నవారందరి మీద కేసులు పెట్టాలంటే ఊళ్లకు ఊళ్లే ముద్దాయిలవుతాయి.

సిరిసిల్ల మగ్గం (ప్రస్తుతం లండన్)

ఇక్కడి సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. బ్రిటన్‌లో ఎంపీలకు జీతం మొదలైంది 1911లో, ఏడాదికి 400 పౌండ్లు. అంతకు డెబ్బై ఏళ్ల ముందే ఓటు హక్కు కోసం ఉద్యమించిన చార్టిస్టు కార్మికులు దాన్ని డిమాండ్ చేశారు. జీతం లేకపోతే జమీందార్లు, వ్యాపారులు తప్ప ఎవరూ సభకు రాలేరన్నది వారి వాదన. మాజీ సర్పంచ్ గారి ప్రశ్న అదే కాబట్టి ఇది రాస్తున్నాను. 2009లో ఎంపీల ఖర్చుల కుంభకోణం బయటపడిన తరువాత, జీతాలు, భత్యాలు నిర్ణయించే పనిని సభ చేతిలో నుంచి తీసి స్వతంత్ర సంస్థకు అప్పగించారు. కాలువ గారి అభ్యంతరానికి అది ఒక మార్గం. పార్టీల ఖర్చుకు కూడా 2000 చట్టంతో పరిమితి ఉంది, టీవీలో డబ్బిచ్చి రాజకీయ ప్రకటనలు వేయడానికి వీల్లేదు. అలాగని ఇక్కడ విరాళాల గొడవలు లేవని కాదు, వారానికొకటి వింటూనే ఉంటాము.

ఓరుగల్లు పాఠకుడు (హన్మకొండ)

అందరి మాటలూ రెండుసార్లు చదివాను. నా మొదటి లెక్కలో ఒక లోపం ఉంది. ఎన్నికల ఖర్చు జీతంలో నుంచి రాబట్టుకోవలసినదన్నట్టు రాశాను. విరాళాలతో జరగవలసిన పనిని సొంత పెట్టుబడిగా చూడటం మనకు ఎంత అలవాటైపోయిందో నా కాగితమే చెబుతోంది.

కాలువ గారి కోపానికి సంబంధించి ఇంకో లెక్క. 119 మంది ఎమ్మెల్యేలకు ఏడాదికి రెండున్నర లక్షల చొప్పున పన్నెండు నెలలకు అయ్యేది 35 కోట్ల 70 లక్షలు. 2025-26 రాష్ట్ర బడ్జెట్ మూడు లక్షల నాలుగు వేల కోట్లకు పైగా ఉంది. అంటే లక్ష రూపాయలలో పన్నెండు రూపాయలు. ఈ పన్నెండు రూపాయల మీద మనం టీకొట్టు దగ్గర గంటసేపు పోట్లాడుకుంటాము. మిగతా 99,988 రూపాయల పనులు ఏ కాంట్రాక్టరుకు, ఎందుకు పోతున్నాయో అడగడానికి మాత్రం మనకు తీరిక దొరకదు. నేను జీతాలను సమర్థించడం లేదు. ఎన్నికల అప్పు తీరేది ఆ పన్నెండు రూపాయల్లో నుంచి కాదని మాత్రం అంటున్నాను.

కాకతీయ కాలువ (జమ్మికుంట)

చిన్న సవరణ: "ఏడాదికి రెండున్నర లక్షల చొప్పున" అని రాశారు, "నెలకు" అని ఉండాలి. మొత్తం మాత్రం సరిగానే వచ్చింది. పన్నెండు రూపాయలే కావచ్చు, అయినా తమ జీతం తామే పెంచుకునే పద్ధతి మారాలన్న మాట మీద నేను కదలను.

ఓరుగల్లు పాఠకుడు (హన్మకొండ)

నిజమే, చేతి పొరపాటు. పద్ధతి మీద మీతో నేనూ ఏకీభవిస్తాను.

న్యాయశాస్త్ర విద్యార్థిని (కాకతీయ విశ్వవిద్యాలయం)

గుమాస్తా గారూ, అభ్యర్థులు ఫలితం వచ్చిన ముప్పై రోజుల్లో ఇచ్చే ఖర్చుల లెక్కను మామూలు ఓటరు చూడవచ్చా? మా తరగతిలో దీని మీద వ్యాసం రాయాలి. నలభై లక్షల్లో ఎంత ఖర్చు చూపారో, దేని కింద చూపారో నా కళ్లతో చూడాలని ఉంది.

లెక్కల గుమాస్తా (వరంగల్)

చూడవచ్చమ్మా. 1961 నాటి ఎన్నికల నిర్వహణ నియమాల్లో 88వ నియమం చదవండి. ఒక్క రూపాయి రుసుము కడితే ఎవరైనా ఆ లెక్కను పరిశీలించవచ్చు. ధ్రువీకరించిన ప్రతులు కావాలంటే దానికి వేరే రుసుము ఉంటుంది. వరంగల్ పశ్చిమ, పరకాల లెక్కలు కావాలంటే హనుమకొండ జిల్లా ఎన్నికల అధికారికి, తూర్పు, వర్ధన్నపేట, నర్సంపేట లెక్కలకైతే వరంగల్ జిల్లా ఎన్నికల అధికారికి దరఖాస్తు పెట్టండి. అడిగేవారు చాలా తక్కువ కనుక, నియమం నంబరు దరఖాస్తులోనే రాస్తే పని తొందరగా అవుతుంది. వాహనాల పద్దు, సభల పద్దు ముందు చూడండి. సొంత సొమ్ము, పార్టీ ఇచ్చినది, విరాళాలు అని ఆదాయం చూపే భాగం కూడా వదలకండి, అసలు ఆసక్తికరమైనది అదే.

ఊరి మాజీ సర్పంచ్ (మహబూబాబాద్ జిల్లా)

అమ్మా, మా పంచాయతీల లెక్కలు మండల పరిషత్ కార్యాలయంలో ఇచ్చాము. వీలైతే అవి కూడా అడిగి చూడు. నాది కూడా చదువు, కోపగించుకోను. కాకపోతే చదివిన తరువాత ఒకసారి మా ఊరికి రా, కాగితంలో లేనిది నేను చెబుతాను.

న్యాయశాస్త్ర విద్యార్థిని (కాకతీయ విశ్వవిద్యాలయం)

తప్పకుండా వస్తాను అక్కా. సోమవారం ముందు హనుమకొండ కలెక్టరేట్‌కు వెళుతున్నాను. అక్కడ చూసిన అంకెలను ఇదే చర్చలో రాస్తాను.